ఎండాకాలం చేపల తొట్టెకి ఫ్యాన్ గాలి: ఎక్కడ పనిచేస్తుంది, ఎలా బిగించాలి

మట్టి కుండలో నీళ్లు ఏ లెక్కన చల్లబడతాయో, ఫ్యాన్ గాలి తగిలే చేపల తొట్టె కూడా ఆ లెక్కనే చల్లబడుతుంది. ఫ్యాన్ చల్లగాలిని తయారు చెయ్యదు. నీటి మీద పరుచుకున్న తేమగాలిని పక్కకి నెట్టి, ఆ చోటికి పొడిగాలిని తెస్తుంది. దాంతో నీరు త్వరగా ఆవిరవుతుంది, ఆవిరయ్యే నీరు తొట్టెలో వేడిని వెంట తీసుకుపోతుంది. మూత ఎందుకు తియ్యాలి, ఫ్యాన్ ఏ కోణంలో పెట్టాలి, హైదరాబాదులో బాగా పనిచేసిన ఏర్పాటు విశాఖపట్నంలో ఎందుకు చతికిలబడుతుంది, రోజూ పోసే నీళ్ల విషయంలో ఎందుకు జాగ్రత్త పడాలి... వీటన్నిటికీ జవాబు ఆ ఆవిరిలోనే ఉంది.

లెక్క చూడండి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. రెండడుగుల తొట్టె (24 × 12 × 12 అంగుళాలు) లో ఇసుక, రాళ్లు పోను దాదాపు 50 లీటర్ల నీళ్లుంటాయి. ఆ 50 లీటర్లూ ఒక డిగ్రీ చల్లబడాలంటే సుమారు 210 కిలోజౌళ్లు బయటికి పోవాలి. అంటే ఒక్క లీటరు ఆవిరైతే 11 డిగ్రీల వేడి పోయినట్టే. కానీ గదిలోని వేడి అద్దాల గుండా, నీటి పైభాగం గుండా లోపలికి వస్తూనే ఉంటుంది. అందుకే నిజంగా కనిపించే తేడా పొడి ఊళ్లలో గది వేడి కంటే 4 నుంచి 6 డిగ్రీలు, తీరప్రాంతంలో 1 నుంచి 3 డిగ్రీలు.

ముందు తడిగుడ్డ పరీక్ష

డబ్బు ఖర్చు పెట్టే ముందు, మీ గదిలో ఫ్యాన్ ఎంతవరకు చల్లబరచగలదో అయిదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. తొట్టెలో వాడే గాజు థర్మామీటరు తీసుకోండి (జ్వరం చూసేది పనికిరాదు). కింది గుండుకి పల్చని నూలుగుడ్డ చుట్టి, గది వేడిలోనే ఉన్న నీళ్లతో తడిపి, టేబుల్ ఫ్యాన్ ముందు పట్టుకోండి. అంకె దిగి దిగి ఒకచోట ఆగుతుంది. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా మీ తొట్టె నీరు ఆ అంకె కంటే కిందికి దిగదు. మామూలుగా దానికి కొన్ని డిగ్రీల పైనే ఆగుతుంది. ఈ పరీక్షని మధ్యాహ్నం మూడు గంటలకి ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి చెయ్యండి.

గాలి 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న మే నెల మధ్యాహ్నం, అంటే హైదరాబాదు, కర్నూలు, అనంతపురం, నిజామాబాదుల ఎండ, తడిగుడ్డ అంకె 23 దగ్గర ఆగుతుంది. ఫ్యాన్‌కి ఇంతకన్నా అనువైన కాలం లేదు. 38 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే, విజయవాడ ఉక్కపోత అన్నమాట, 29 దగ్గర ఆగుతుంది. విశాఖలో 34 డిగ్రీలకి 75 శాతం తేమ తోడైన రోజు 30 దాకా ఉంటుంది. ఆ రోజు ఫ్యాన్ పెట్టి నీటిని 27కి దించాలనుకోవడం జరిగే పని కాదు. కూజాలో నీళ్లు చల్లబడని రోజు తొట్టె కూడా చల్లబడదు.

ఇంట్లో ఎయిర్ కూలర్ వాడేవాళ్లు ఒక సంగతి గమనించాలి. కూలర్ గదిని చల్లబరుస్తుంది గానీ గాలిని తేమతో నింపేస్తుంది. కిటికీ తెరిచి ఉంచితే గది చల్లబడ్డ మేరకు తొట్టెకీ మేలే. తలుపులన్నీ మూసి కూలర్ నడిపితే ఆవిరి పోయే దారి లేక అటు కూలరూ ఇటు తొట్టె ఫ్యానూ రెండూ నీరసపడతాయి. ఏసీ గదిలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చిన్న ఫ్యాన్ కూడా నీటిని బాగా దించేస్తుంది, ఒక్కోసారి అవసరానికి మించి.

మీ చేపలకి ఎంత చాలు?

అన్ని తొట్టెలకీ ఫ్యాన్ అక్కర్లేదు. డిస్కస్ చేపలకి 28 నుంచి 30 డిగ్రీలే ఇష్టం. ఏంజెల్, గౌరామి, ఫ్లవర్‌హార్న్ 30 దాకా ఇబ్బంది పడవు. గోల్డ్‌ఫిష్ చల్లనీటి చేప, దానికి 18 నుంచి 24 బాగుంటుంది, 28 దాటితే కష్టం మొదలవుతుంది. నియాన్ టెట్రా, కోరిడోరస్, చెర్రీ రొయ్యలు 26 లోపు ఉంటే హాయిగా ఉంటాయి. గప్పీలకి 28 దాకా పర్వాలేదు. ఫైటర్ చేపకి 28 హాయి, 30ని ఓర్చుకుంటుంది. పైగా గాలి జోరుకి దాని బుడగల గూడు చెదిరిపోతుంది కాబట్టి ఫైటర్ తొట్టెకి ఫ్యాన్ జోలికి పోకపోవడమే మంచిది.

వేడి చేపని రెండు వైపుల నుంచి నొక్కుతుంది. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకి 8.2 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 దగ్గర 7.5, 34 దగ్గర 7. తగ్గింది కొంచెమే అనిపిస్తుంది, కానీ అదే సమయంలో చేప ఒంట్లో పనులన్నీ వేగం పెరిగి దానికి ఆక్సిజన్ అవసరం ఎక్కువవుతుంది. రెండోది చేపల వ్యర్థాల నుంచీ కుళ్లిన మేత నుంచీ పుట్టే అమ్మోనియా. నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 ఉంటే 25 డిగ్రీల దగ్గర మొత్తం అమ్మోనియాలో 5.4 శాతం విషరూపంలో ఉంటుంది, 30 దగ్గర అది 7.5 శాతం. బోరు నీళ్లు వాడే ఇళ్లలో పీహెచ్ 8 అరుదేమీ కాదు. అందుకే ఎండలు ముదిరిన వారాల్లో మేత సగానికి తగ్గించండి. చేపలు పస్తుండి చావవు, ఎక్కువ మేత కుళ్లితే చస్తాయి.

మూడు రోజులపాటు ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది గంటలకి నీటి వేడి రాసుకోండి. గది మధ్యాహ్నం కాగితే నీరు సాయంత్రానికి కాగుతుంది. డాబా కిందనే ఉన్న పై అంతస్తు గదిలో పగలంతా కాగిన స్లాబు రాత్రి దాకా సెగ వదులుతుంది కాబట్టి నీటి గరిష్ఠ వేడి రాత్రి ఎనిమిది, తొమ్మిదికి కనిపించవచ్చు. మధ్యాహ్నం ఒక్కసారి చూసి ఫర్వాలేదనుకుంటే పొరపాటు.

వేడిని లోపలికి రానివ్వకండి

తొట్టెలో మునిగి ఉండే మోటారు తాగే కరెంటంతా చివరికి నీటిలో వేడిగానే మారుతుంది. 15 వాట్ల మోటారు 24 గంటలు తిరిగితే సుమారు 1,300 కిలోజౌళ్లు. ఆ వేడి ఎటూ పోకుండా ఉంటే 50 లీటర్లని 6 డిగ్రీలు వేడి చేస్తుంది. అవసరానికి మించిన మోటారు ఉంటే 5 వాట్లదానికి మారండి, లేదా స్పాంజి ఫిల్టరు పెట్టి గాలి మోటారుతో నడపండి. పాత ట్యూబులైటు ఉన్న హుడ్డుని తీసేసి ఎల్‌ఈడీ పట్టీని నీటికి నాలుగైదు అంగుళాల పైన వేలాడదీయండి. లైటు పగలు కాకుండా సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు వరకు వెలిగించండి. పడమటి కిటికీ ఎండ అద్దానికి తగులుతుంటే ముందు ఆ ఎండని ఆపండి. అది ఆపకుండా ఎన్ని ఫ్యాన్లు పెట్టినా దండగే.

ఫ్యాన్లు, అడాప్టరు, తీగలు

కంప్యూటరు క్యాబినెట్లో వాడే 12 వోల్టుల డీసీ ఫ్యానే దీనికి సరైనది. 120 మి.మీ. ఫ్యాన్ 80 మి.మీ. దానికంటే నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ గాలి ఇస్తుంది, చప్పుడూ తక్కువ. రెండడుగుల తొట్టెకి ఒకటి, మూడడుగులకి రెండు, నాలుగడుగులకి మూడు చాలు. ఫ్యాన్ మీద ఆంపియర్లు రాసి ఉంటాయి, చాలావాటికి 0.15 నుంచి 0.3. రెండు ఫ్యాన్లకి 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టరు సరిపోతుంది, మూడు నాలుగు ఉంటే 2 ఆంపియర్లది తీసుకోండి. 0.2 ఆంపియర్ల ఫ్యాన్ నెలంతా ఆగకుండా తిరిగినా 1.7 యూనిట్లే. నీటి పక్కన 230 వోల్టుల టేబుల్ ఫ్యాన్ కంటే 12 వోల్టులది ఎంతో క్షేమం.

మూడు తీగల ఫ్యాన్లో నలుపు నెగటివ్, ఎరుపు పాజిటివ్, పసుపు వేగం చెప్పేది. పసుపుని వదిలేసి కొసకి టేపు చుట్టండి. నాలుగు తీగలు నలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఉంటే అక్కడ పసుపే పాజిటివ్, ఈ తేడా దగ్గరే చాలామంది పొరబడతారు. తీగలన్నీ నలుపే ఉన్న ఫ్యాన్ కొనకండి. సీసీ కెమెరాలకి వాడే, స్క్రూలున్న డీసీ జాక్ ఒకటి కొంటే అడాప్టరు తీగ కొయ్యక్కర్లేదు. ఫ్యాన్ల పాజిటివ్‌లన్నీ ఒక స్క్రూ కింద, నెగటివ్‌లన్నీ ఇంకోదాని కింద బిగించండి. చప్పుడు ఎక్కువనిపిస్తే 9 వోల్టుల అడాప్టరు పెట్టి చూడండి.

బిగించే పద్ధతి

మొదట మూత పూర్తిగా తియ్యండి. మూత కింద ఫ్యాన్ పెడితే అదే తేమగాలి అక్కడక్కడే తిరుగుతుంది, పైగా ఫ్యాన్ మోటారు వేడి కూడా లోపలే ఉండిపోతుంది. మూత తీస్తే చేపలు దూకుతాయి కాబట్టి, నైలాన్ దోమతెర ముక్కని సన్నని పీవీసీ చట్రానికి బిగించి పైన పరచండి. మరీ సన్నని కన్నుల తెర గాలిని ఆపేస్తుంది. పెద్ద చేపలుంటే అర అంగుళం కన్నుల ప్లాస్టిక్ వల మేలు.

నీటిమట్టం అంచు నుంచి 2, 3 సెంటీమీటర్ల కిందికి ఉండాలి. అంతకంటే తగ్గితే గాలి అద్దం అంచు మీదుగా పైపైన పోతుందే తప్ప నీటిని తాకదు.

ఎలక్ట్రీషియన్లు గోడమీద తీగలు పోనివ్వడానికి వాడే పీవీసీ కేసింగ్ పట్టీ ఒకటి కొని, తొట్టె వెడల్పుకి రెండంగుళాలు ఎక్కువ ఉండేలా కోసి వంతెనలా పెట్టండి. 120 మి.మీ. ఫ్యాన్ మూలల్లో రంధ్రాల మధ్య దూరం 105 మి.మీ., 80 మి.మీ. ఫ్యాన్‌కి 71.5 మి.మీ. ఆ కొలతకి పట్టీలో రంధ్రాలు వేసి ప్లాస్టిక్ ట్యాగులతో కట్టండి. స్క్రూలు వద్దు, తుప్పు పడతాయి. ఫ్యాన్‌కీ పట్టీకీ మధ్య, పట్టీకీ అద్దానికీ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్కలు పెడితే అదురు తగ్గుతుంది. ఇవి కాక ఇంకో ట్యాగుని తొట్టె స్టాండుకి తాడులా కట్టి ఉంచండి. పట్టీ జారినా ఫ్యాన్ నీళ్లలో పడదు.

ఫ్యాన్ కింది అంచు నీటికి 5 నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తులో, 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఉండాలి. నిటారుగా కిందికి ఊదితే ఒక్కచోటే గుంటపడి తుంపర ఎగిరి ఫ్యాన్‌నే తడుపుతుంది. మరీ అడ్డంగా పెడితే గాలి నీటిని తాకదు. నీటి మీద ఆ కొస నుంచి ఈ కొస దాకా సన్నని అలలు కనిపిస్తే కోణం కుదిరినట్టు. రెండడుగుల తొట్టెకి పొట్టి వైపు నుంచి పొడవునా ఊదండి. అంతకంటే పెద్దదానికి వెనక అద్దం మీద వరసగా పెట్టి ముందుకి ఊదండి. ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టకండి. నీటి నుంచి గాలిని పీల్చేలా తిప్పి కూడా పెట్టకండి. అప్పుడు తడిగాలంతా మోటారు గుండా పోయి అది త్వరగా పాడవుతుంది.

చల్లబడేది పై పొర ఒక్కటే. ఫిల్టరు నీరు పైకి వచ్చి పడేలా, లేదా గాలి రాయి బుడగలు వచ్చేలా ఉంటేనే అది కిందికి కలుస్తుంది.

అడాప్టరుని తొట్టె పైన గానీ కింది స్టాండులో గానీ పెట్టొద్దు, పక్కకి, ఎత్తులో ఉన్న సాకెట్‌కి పెట్టండి. తీగ సాకెట్ కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకెక్కాలి. తీగ వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గర నేల మీద పడుతుంది, సాకెట్లోకి పోదు. ఇంట్లో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఈ తొట్టె సాకెట్ కోసమైనా పెట్టించండి. మునిగి ఉండే మోటారు 230 వోల్టులదే కదా.

వేడి పెరిగినప్పుడే తిరగాలి

ఫ్యాన్‌ని రాత్రింబవళ్లు వదిలేస్తే మధ్యాహ్నం 29 ఉన్న నీరు తెల్లవారేసరికి 23కి దిగిపోవచ్చు, ముఖ్యంగా మార్చి, ఏప్రిల్ రాత్రుల్లో. రోజూ ఇంత ఎత్తుపల్లాలు 30 దగ్గర నిలకడగా ఉండటం కంటే చేటు. చేపలు బలహీనపడి ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చల రోగం వచ్చేది ఇలాంటప్పుడే. అందుకని నీటి వేడిని బట్టి ఫ్యాన్‌ని ఆన్, ఆఫ్ చేసే కంట్రోలరు పెట్టడం విలాసం కాదు.

డబ్ల్యు1209 అనే చిన్న బోర్డు 12 వోల్టుల ఫ్యాన్లకి చాలు. అడాప్టరు పాజిటివ్‌ని బోర్డు మీద 12 వోల్టుల గుర్తు ఉన్న స్క్రూకి బిగించి, అక్కడి నుంచే చిన్న తీగతో కే0 అని రాసి ఉన్న స్క్రూకి కలపండి. కే1 నుంచి ఫ్యాన్ పాజిటివ్‌కి. అడాప్టరు నెగటివ్ బోర్డుకీ ఫ్యాన్‌కీ రెండింటికీ. తరవాత మీట నొక్కిపట్టి పీ0 అనే సెట్టింగులో సి (చల్లబరచడానికి) ఎంచుకోండి. హెచ్ అనేది వేడి చేయడానికి. బోర్డు హెచ్ లో ఉంటే నీరు చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్ తిరిగి, వేడెక్కాక ఆగిపోతుంది. పీ1 ని, అంటే ఫ్యాన్ మొదలయ్యే, ఆగే అంకెల మధ్య తేడాని, 1 చెయ్యండి. 27 అని పెడితే 27 దగ్గర ఫ్యాన్ మొదలై 26 దగ్గర ఆగుతుంది. గాజు థర్మామీటరుతో పోల్చి తేడా ఉంటే పీ4 లో సరిచేసుకోండి.

ఎస్‌టీసీ-1000 అనేది 230 వోల్టుల సాకెట్‌ని ఆన్, ఆఫ్ చేసేది. దాని లెక్క వేరు: 26 పెట్టి తేడా 1 ఇస్తే 27 దగ్గర మొదలై 26 దగ్గర ఆగుతుంది. రెండింటినీ ఒకలాగే అనుకుంటే ఒక డిగ్రీ పొరపాటు వస్తుంది. దీని వైరింగు తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

కంట్రోలరుకి నీటి వేడి చెప్పే సెన్సరు తల నీటిలో సగం లోతులో, ఫ్యాన్ గాలి తగలని చోట ఉండాలి. దాని తీగ లోపలికి వెళ్లే చోట అక్వేరియం సిలికాన్ పూసి ఒక రోజు ఆరనివ్వండి, లేకపోతే కొన్ని నెలల్లో నీరు చొరబడి తప్పు అంకెలు చూపిస్తుంది. హీటరు కూడా ఉన్న తొట్టెలో హీటరు 24 దగ్గర, ఫ్యాన్ 27 దగ్గర పెట్టి మధ్యలో ఎడం ఉంచండి. రెండూ 26 పెడితే ఒకటి వేడి చేస్తుంటే ఇంకొకటి చల్లబరుస్తూ కూర్చుంటాయి.

ఆవిరైన నీటికి బదులు

రెండడుగుల తొట్టెలో ఫ్యాన్ తిరిగితే రోజుకి 1 నుంచి 3 లీటర్లు పోతాయి. పోయేది నీరే, అందులోని ఉప్పులు తొట్టెలోనే ఉంటాయి. 800 టీడీఎస్ (లీటరు నీటిలో కరిగిన ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) ఉన్న బోరు నీరు రోజుకి 2 లీటర్ల చొప్పున పదిరోజులు పోస్తే 16 గ్రాముల ఉప్పులు చేరతాయి, 50 లీటర్లలో టీడీఎస్ 320 పెరుగుతుంది. నెల తిరిగేసరికి వెయ్యి దాకా పెరిగినట్టే. టెట్రాలు, రొయ్యలు ‘కారణం లేకుండా’ చచ్చిపోయాయంటే చాలాసార్లు కారణం ఇదే.

ఆవిరైన నీటికి బదులు వంటింటి ఆర్వో నీరు పొయ్యండి. వారంవారం నీళ్లు మార్చేటప్పుడు మాత్రం ఎప్పుడూ వాడే నీళ్లే పొయ్యాలి. ఆర్వోతో మొత్తం మార్చేస్తే పీహెచ్ నిలవదు. మునిసిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ విరిచే మందు వేశాకే. అద్దం మీద మార్కరుతో గీత పెట్టి, పొద్దునా సాయంత్రం ఆ గీత దాకా కొంచెం కొంచెంగా నింపండి. నీటిని గీత కిందికి దిగనిస్తే వెనక వేలాడే ఫిల్టరుకి నీరు అందక మోటారు ఎండి తిరుగుతుంది.

ఇంకా ఎక్కడ చెడుతుంది

అన్నిటికంటే ప్రమాదం దోమల మందు. కాయిల్స్, ద్రవం రీఫిల్స్, స్ప్రేలలో వాడే పైరెత్రాయిడ్ మందులు మనకి చేసే హాని కంటే చేపలకీ రొయ్యలకీ చేసే హాని ఎన్నో రెట్లు ఎక్కువ. మామూలు తొట్టె మీద మూత ఉంటుంది. మీరు మూత తీసి, గదిలోని గాలిని పనిగట్టుకుని నీటి మీదికి తోస్తున్నారు. తొట్టె ఉన్న గదిలో ఇవి వాడకండి, దోమతెర కట్టుకోండి. సాంబ్రాణి, అగరొత్తుల పొగ కూడా ఫ్యాన్ దరిదాపుల్లో వద్దు. వంటింటి పక్కన ఉంటే పోపు ఆవిరి నీటిమీద నూనె పొరలా పేరుకుంటుంది, ఆ పొర ఆక్సిజన్‌ని అడ్డుకుంటుంది. పైన కాగితపు రుమాలు పరిచి ఎత్తేస్తే పొర వచ్చేస్తుంది.

పదిహేను రోజులకోసారి ఫ్యాన్ రెక్కల దుమ్ము పొడిబ్రష్షుతో దులపండి. మొన్నటిదాకా 27 నిలిచిన తొట్టె ఇప్పుడు 29 చూపిస్తోందంటే ముందు చూడాల్సింది ఈ దుమ్మునే. ప్లైవుడ్డు స్టాండు ఉబ్బకుండా గోడకీ తొట్టెకీ మధ్య జానెడు ఖాళీ ఉంచండి.

కరెంటు పోతే ముందు బ్యాటరీ గాలిపంపు, తరవాతే ఫ్యాన్. వైఫై రౌటరుకి వాడే చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఫ్యాన్‌కీ సరిపోతుంది. 25 వాట్-అవర్ల సామర్థ్యం ఉన్నది 3 వాట్ల ఫ్యాన్‌ని ఆరేడు గంటలు నడుపుతుంది.

ఫ్యాన్ చాలని ఉక్కపోత రోజున గడ్డకట్టించిన నీళ్ల సీసా సాయం చేస్తుంది. లీటరు సీసా 50 లీటర్లని దాదాపు 2 డిగ్రీలు దించుతుంది. కాబట్టి అర లీటరు సీసా, మూత బిగించి, లేబుల్ ఒలిచి, తేలుతూ వదలండి. గంటకి ఒక డిగ్రీకి మించి దించొద్దు. ఐసుముక్కలు నేరుగా వెయ్యొద్దు. విశాఖ, కాకినాడల్లో గోల్డ్‌ఫిష్‌నీ చెర్రీ రొయ్యల్నీ వేసవంతా ఇలా సీసాలతో నెట్టుకురావడం కష్టం. అక్కడ వాటిని ఏసీ గదికి మార్చాలి, లేదా చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) కొనాలి, లేదంటే ఆ ఊరి వేడికి తట్టుకునే చేపల్ని ఎంచుకోవాలి.

మృగశిర వచ్చి వానలు పడ్డాక తేమ పెరుగుతుంది, గది వేడీ తగ్గుతుంది. కంట్రోలరు ఫ్యాన్‌ని రోజుల తరబడి ఆన్ చెయ్యకపోతే దాన్ని విప్పి, తుడిచి, ఆరబెట్టి, పొడి సంచిలో పెట్టండి. తొట్టె మీద మూత మళ్లీ వెయ్యండి. సెన్సరు మాత్రం నీటిలోనే ఉంచండి, వానలు ముఖం చాటేసిన ఆగస్టులో అంకె మళ్లీ 30 దాటితే ముందుగా చెప్పేది అదే.